శ్రీలంక యాలా సఫారీ: పరిగెత్తే జీపు కన్నా ఆగే జీపు మేలు

శ్రీలంక ప్యాకేజీల్లో యాలా సఫారీ తరచూ ఒక పూటకే పరిమితమవుతుంది. కాండీ, నువర ఎలియా, ఎల్లా చూసుకుని దక్షిణ తీరానికి దిగే దారిలో తిస్సమహారామ అనే ఊళ్లో రాత్రి బస. తెల్లవారుజామున నాలుగున్నరకు హోటల్ ముందు జీపు, పదిన్నరకల్లా తిరిగొచ్చి టిఫిను. మధ్యలో చిరుత కనిపించాలి. ఈ లెక్కతో వెళ్లినవాళ్లు చాలామంది దుమ్ము కొట్టుకుపోయి, నడుం నొప్పితో, ఇరవై జీపుల వెనకాల నిలబడి తోక చివర చూసి వస్తారు. అదే అడవిలో అదే రోజు ఇంకో జీపులో వెళ్లినవాళ్లు ఎలుగుబంటిని, చిరుతను, ఏనుగుల మందను తీరిగ్గా చూసి వస్తారు. అదృష్టం పాత్ర కొంతే. మిగతాదంతా డ్రైవర్ జీపును ఎక్కడ ఆపాడు, ఎంతసేపు ఆపాడు అన్నదాని మీదే ఉంటుంది.

ముందే మార్కులు వేసేయాలంటే అడవికి అయిదుకు అయిదు. పొద్దుటి పూట సఫారీకి, మామూలుగా అమ్మే పద్ధతిలో, రెండున్నర. రోజంతా సఫారీకి, నెమ్మదస్తుడైన డ్రైవర్ దొరికితే, నాలుగున్నర.

యాలా జాతీయ పార్కు శ్రీలంక ఆగ్నేయ మూలన ఉంది. 1900లో అభయారణ్యంగా, 1938లో జాతీయ పార్కుగా ప్రకటించారు. మొత్తం 979 చదరపు కిలోమీటర్లు, కొన్ని బ్లాకులుగా విడగొట్టారు. టూరిస్టు జీపుల్లో ఎక్కువ భాగం తిరిగేది ఒకటో బ్లాకులోనే. అది సుమారు 140 చదరపు కిలోమీటర్లు. చిరుతలు బాగా దట్టంగా ఉన్న చోటు అదే, జీపులు దట్టంగా ఉండేదీ అక్కడే. మన నల్లమలలో చిరుత పెద్దపులికి భయపడి ఒదిగి బతుకుతుంది. శ్రీలంకలో పెద్దపులి లేదు కాబట్టి అక్కడి చిరుతే అడవికి పెద్ద. పట్టపగలు బండరాయి మీద ఒళ్లు విరుచుకుని పడుకుంటుంది, బాట మీద తాపీగా నడుస్తుంది. యాలా పేరు అంతలా మారుమోగడానికి కారణం ఇదే. సింహళంలో చిరుతను కొటియా అంటారు. డ్రైవర్ ఫోన్లో ఆ మాట వినిపించిందంటే కడ్డీ గట్టిగా పట్టుకోండి.

ఆ ఫోన్‌తోనే అసలు చిక్కు మొదలవుతుంది. ఒక జీపుకు చిరుత కనిపించగానే ఆ డ్రైవర్ తోటి డ్రైవర్లకు కబురు పెడతాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, తన వాళ్లకు సాయం చేస్తున్నాడు. కానీ కబురు అందిన జీపులన్నీ ఒకేసారి అటు మళ్లుతాయి. పార్కులో వేగ పరిమితి గంటకు 25 కిలోమీటర్లు, ఆ నిమిషంలో దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. బాట రెండు జీపులు పక్కపక్కన పట్టనంత ఇరుకు. ముందొచ్చిన నాలుగైదు జీపులు అడ్డంగా ఆగితే వెనకొచ్చినవాటికి ముందుకూ వెనక్కూ దారి ఉండదు. డీజిల్ పొగ, యాక్సిలరేటర్ మోత, "అటు చూడండి, ఇటు చూడండి" అనే కేకలు. చిరుత లేచి పొదల్లోకి వెళ్లిపోతుంది. అంతదూరం ఎగిరెగిరి పడుతూ వచ్చిన దారిలో నీటిగుంట దగ్గర ఏమేం వదిలేసి వచ్చారో మీకు తెలియను కూడా తెలియదు.

ఈ అడవిలో చూసే పద్ధతి వేరు. చిరుత ఎక్కడుందో కళ్లకన్నా ముందు చెవులకు తెలుస్తుంది. చుక్కల దుప్పి ముందుకాలు నేలకు కొట్టి, తోక నిటారుగా ఎత్తి, కీచుమని అరుస్తుంది. ఒక్క అరుపుతో ఆగిపోతే అది దేనికో ఉలిక్కిపడిందని లెక్క. ఆగకుండా అరుస్తుంటే, మిగతా దుప్పులన్నీ ఒకే దిక్కుకు ముఖం తిప్పి నిలబడితే, చిరుత నడుస్తోందని అర్థం. చెట్టు కొనన ఉన్న కొండముచ్చు దగ్గినట్టు అరుస్తూ కిందికి ఒకే చోటికి చూస్తుంటే ఇంకా నమ్మొచ్చు. కణితి అనే పెద్ద దుప్పి గొంతు విప్పితే అనుమానమే అక్కర్లేదు, అది ఊరికే అరిచే జంతువు కాదు. ఇవన్నీ వినపడాలంటే ఇంజిన్ ఆపాలి. కనీసం పది నిమిషాలు, నీటిగుంట దగ్గరైతే అరగంట. నడుస్తున్న జీపులో ఇంజిన్ మోత తప్ప మరేమీ వినపడదు.

అందుకే ముందురోజు సాయంత్రం డ్రైవర్‌తో పది నిమిషాలు మాట్లాడటం మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా విలువైన పని. హోటల్ రిసెప్షన్‌లో "సఫారీ బుక్ అయింది సార్" అన్నంత మాత్రాన సరిపెట్టుకోకండి. మీ జీపు నడిపేది ఎవరో అడిగి నేరుగా మాట్లాడండి. పర్యాటకులతో తిరిగే డ్రైవర్లలో చాలామందికి పనికి సరిపడా ఇంగ్లిష్ వస్తుంది. చిరుత కనిపించకపోయినా ఫరవాలేదు, పరిగెత్తొద్దు అని ముందే చెప్పేయండి. డ్రైవర్ పరిగెత్తేది చాలాసార్లు కస్టమర్ మొహం చిన్నబోతుందనీ, టిప్పు రాదనీ. ఆ భయం మీరే తీసేస్తే ఆయన నడిపే తీరే మారిపోతుంది. నీటిగుంటల దగ్గర ఇంజిన్ ఆపి కూర్చుందామని, గుంపుగా జీపులున్న చోటికి వెళ్లొద్దని, ఏనుగుకు దారి వదలాలని కూడా ఆ పూటే ఒప్పించుకోవాలి. అడవిలోకి వెళ్లాక రెండు సింహళ మాటలు పనికొస్తాయి: "హెమిన్ యన్న" అంటే నెమ్మదిగా పోనివ్వండి, "ఇంజిన్ ఎక ఆఫ్ కరన్న" అంటే ఇంజిన్ ఆపండి. దిగేటప్పుడు "ఇస్తూతి" అంటే ధన్యవాదాలు.

జీపును కూడా సాయంత్రమే చూసుకోవచ్చు. పికప్ వెనక భాగం మీద కడ్డీలు, పైన కప్పు, మెట్లలా ఎత్తు పెంచుకుంటూ పోయిన సీట్లు ఉంటాయి. రెండేసి సీట్ల వరసలు మూడు ఉంటే ఆరుగురు. అలాంటి బండిలో నలుగురే ఎక్కితే అందరికీ పక్క దృశ్యం దొరుకుతుంది. సీట్లు ముందుకు చూసేలా ఉండాలి. పక్కకు ఎదురెదురుగా బెంచీలు వేసిన బండి వద్దు, మెడ పట్టేస్తుంది, సగం అడవి వీపు వెనకే ఉండిపోతుంది. వెనక చక్రాల ఇరుసు మీద పడే చివరి వరస కుదుపుకు పెట్టింది పేరు. నడుం నొప్పి ఉన్నవాళ్లు, పెద్దవాళ్లు మొదటి వరసలో కూర్చోవాలి. గర్భిణులను ఏ వరసలోనూ తీసుకెళ్లొద్దు. ఎర్రమట్టి బాట పొడవునా అలలు అలలుగా గట్లు కట్టి ఉంటుంది, ఎంత నెమ్మదిగా పోయినా ఒళ్లు అదురుతుంది. వాన పట్టా రెండు పక్కలా సరిగ్గా దిగుతుందో లేదో ఒకసారి దింపించి చూడండి.

ధర మాట్లాడేటప్పుడు రెండు ముక్కలు విడివిడిగా అడగాలి. జీపు అద్దె ఒకటి, పార్కు టికెట్లు ఒకటి. అద్దె బండికి ఉంటుంది, మనిషికి కాదు. టికెట్టు మనిషికి. విదేశీయులకు డాలర్ల లెక్కలో పెట్టి, ఆ రోజు మారకం ప్రకారం శ్రీలంక రూపాయల్లో తీసుకుంటారు. దానిపైన గుంపుకు ఒక సేవా రుసుము, బండికి ఒక చిన్న రుసుము, మొత్తం మీద వ్యాట్. శ్రీలంకలో వ్యాట్ 2024 జనవరి నుంచి 18 శాతం. ఇద్దరే వెళ్తే టికెట్ల బిల్లు జీపు అద్దెను మించిపోవచ్చు. "మనిషికి ఇంత" అని ఒకే అంకె చెబితే అందులో టికెట్ కలిసిందా లేదా, ఎంతమందిని ఎక్కిస్తారు అని గుచ్చి అడగండి. గేటు దగ్గర ఇచ్చే రసీదు మీ చేతికి తీసుకోండి. విదేశీ ధర, స్థానిక ధర వేరు వేరు కాబట్టి పాస్‌పోర్టు వెంట ఉండాలి.

తిస్సమహారామ నుంచి పలటుపాన గేటుకు ముప్పావుగంట. గేటు ఆరింటికి తెరుస్తారు, ఆలోపే జీపులు బారులు తీరి ఉంటాయి. ఆ వరసలో ముందుండటానికి ఒక గట్టి కారణం ఉంది. రాత్రంతా బాట మీద తిరిగిన జంతువుల అడుగులు మెత్తటి దుమ్ములో అచ్చుపడి ఉంటాయి. తెలిసిన డ్రైవర్ కిందికి చూస్తూ నడుపుతాడు. గోళ్ల గుర్తులు లేని గుండ్రటి అడుగు చిరుతది, గోళ్లు పడితే నక్కది లేదా కుక్కది. అంచులు ఇంకా నిలిచి ఉన్న అడుగు ఇప్పుడిప్పుడే పడింది. పది జీపులు పోయాక ఈ చదువంతా చెరిగిపోతుంది. కతరగామ వైపు నుంచి కటగమువ అనే ఇంకో గేటు కూడా ఒకటో బ్లాకులోకే తెరుచుకుంటుంది. అక్కడ బస చేసేవాళ్లకు అదే దగ్గర. కతరగామ అంటే సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రం, శ్రీలంక యాత్రకు వెళ్లే మనవాళ్లకు తెలిసిన పేరే. దర్శనం, సఫారీ రెండూ పెట్టుకున్నవాళ్లు ముందురోజు సాయంత్రం పూజ చూసుకుని అక్కడే పడుకుంటే తెల్లవారి హడావిడి తగ్గుతుంది.

పూట సఫారీ కన్నా రోజంతా సఫారీ ఎందుకు మేలో గడియారం చూస్తే తెలుస్తుంది. పొద్దుటి జీపులు ఆరింటికి వచ్చి తొమ్మిదిన్నర దాటగానే గేటు వైపు తిరుగుతాయి. మధ్యాహ్నం జీపులు రెండింటికి కానీ రావు. మధ్యలో అడవి ఖాళీ. పది నుంచి పన్నెండు వరకు జంతువులు నీళ్లకు వస్తాయి, మిగతా జీపులు లేని ఆ రెండు గంటలూ ఒక్కో నీటిగుంట దగ్గర మీరొక్కరే ఉండే అవకాశం ఉంటుంది. అద్దె రెట్టింపు కావచ్చు కానీ పార్కు టికెట్టు మళ్లీ కొనక్కర్లేదు. అదే రెండు వేరు వేరు పూటలు వెళ్తే రెండుసార్లు కొనాలి. నడి ఎండలో మాణిక్ నది ఒడ్డున చెట్ల నీడలోనో, పటనంగల బీచ్ దగ్గరో ఆగుతారు. మిగతా అంతటా జీపు దిగడం నిషేధం. పటనంగల దగ్గర 2004 డిసెంబర్ 26 సునామీలో పోయినవాళ్ల స్మారకం ఉంది, అక్కడున్న బంగ్లా కొట్టుకుపోయి పునాదులే మిగిలాయి. కాసేపు మౌనంగా నిలబడాల్సిన చోటు. అక్కడి కోతులు మాత్రం చేతిలో పొట్లం చూస్తే వదలవు.

చిన్నపిల్లలతో రోజంతా సఫారీ వద్దు. పదేళ్ల లోపు పిల్లలు మూడు గంటలకు మించి ఓపిక పట్టలేరు, మరుగుదొడ్డి సౌకర్యం కూడా అంతంతమాత్రం.

కాలం విషయంలో ఫిబ్రవరి నుంచి జులై దాకా మంచిది. నీళ్లు తగ్గేకొద్దీ జంతువులు మిగిలిన గుంటల చుట్టూ చేరతాయి. మే చివర నుంచి జులై వరకు పాల పండ్ల కాలం. సింహళంలో పలు అనే ఆ చెట్టు మన అడవుల్లోని పాల చెట్టే. పసుపుపచ్చటి పండ్లకోసం ఎలుగుబంటి కొమ్మల దాకా ఎక్కేస్తుంది, తిన్నంతసేపూ దిగదు. ఎలుగును తీరిగ్గా చూడాలనుకునేవాళ్లకు ఇంతకు మించిన అదను లేదు. సెప్టెంబర్ మొదటి నుంచి అక్టోబర్ మధ్య దాకా కరువు కారణంగా ఒకటో బ్లాకును మామూలుగా మూసేస్తారు, తేదీలు ఏటా కొద్దిగా అటూ ఇటూ అవుతాయి. ఆ నెలల్లో టికెట్ కొని ఇరుక్కోకండి. నవంబర్, డిసెంబర్‌లో ఈశాన్య రుతుపవనాల వానలకు బాటలు బురదవుతాయి, నీళ్లు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి కాబట్టి జంతువులు చెదిరిపోతాయి. పక్షులకు మాత్రం అదే మంచి కాలం. మన ఉప్పలపాడు, వీరాపురం చెరువుల్లో చూసే ఎర్రకాళ్ల కొంగలు ఇక్కడి మడుగుల్లోనూ బారులు తీరతాయి.

తిండి గురించి ఒక మాట, ముఖ్యంగా శాకాహారులకు. హోటల్ కట్టిచ్చే పొట్లంలో ఇడియాప్పం, పప్పు, కొబ్బరి పచ్చడి లాంటి పోల్ సంబోల్ ఉండొచ్చు. చూడటానికి అంతా శాకాహారమే. కానీ పోల్ సంబోల్‌లో ఉంబలకడ అనే ఎండుచేప పొడి చాలాచోట్ల వేస్తారు, కొందరు పప్పు తాలింపులో కూడా వేస్తారు. వాళ్ల దృష్టిలో అది మనకు ఇంగువ లాంటిది, వేరే చెప్పాల్సిన పదార్థం కాదు. "ఉంబలకడ ఎపా", అంటే అది వద్దు అని పేరు పెట్టి చెబితేనే ఆగుతుంది. రోజంతా సఫారీకి మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, ముక్కూ నోరూ కప్పే పల్చటి తువ్వాలు, ఎండకు టోపీ తీసుకెళ్లండి. కెమెరా ఉంటే 300 మిల్లీమీటర్లకు తగ్గని లెన్సు, దుమ్ము పడకుండా ఒక దిండు గలీబు. బాటలో లెన్సులు మార్చే పని పెట్టుకోకండి. తిరుగు దారిలో మట్టి కుండల్లో గేదె పెరుగు అమ్ముతారు. దానిమీద పోసిచ్చే కిత్తుల్ పాకం మన జీలుగు చెట్టు నీరాను కాచి చేసేదే. కత్తితో కోస్తే ముక్కగా నిలబడే పెరుగు, పొగవాసన తగిలే పాకం. దుమ్ము తిన్న గొంతుకు అది ప్రాణం.

చిరుత మీద పట్టుదల లేనివాళ్లకు, పిల్లలున్న కుటుంబాలకు యాలా కన్నా ఉడవలవే సిఫారసు చేయాలి. తిస్సమహారామ నుంచి రెండు గంటల లోపు దూరం, ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. వలవే నది మీద జలాశయం కట్టినప్పుడు నీటమునిగిన అడవిలోని జంతువులకు చోటు కోసం 1972లో పార్కు చేశారు, 308 చదరపు కిలోమీటర్లు. చాలాభాగం ఒకప్పుడు పోడు కొట్టిన నేల, ఇప్పుడు గడ్డిమైదానం. అందుకే ఏనుగులు దాక్కోవు. మూడు గంటల సఫారీలో ఏనుగులు కనిపించకపోవడం అరుదు. పెద్ద దంతాలను ఆశించొద్దు, శ్రీలంక మగ ఏనుగుల్లో నూటికి పదింటికి కూడా దంతాలు ఉండవు.

ఏనుగుల దగ్గర జీపు నియమం చిరుత దగ్గరలాంటిది కాదు. ఇక్కడ కూడా ఆగాలి, కానీ వెనక్కి తప్పుకునే దారి ఉంచుకుని ఆగాలి. తల్లికీ పిల్లకీ మధ్యలోకి పోనివ్వకూడదు. కన్నుకూ చెవికీ మధ్య నల్లటి చార కారుతున్న మగ ఏనుగుకు మదం పట్టిందని అర్థం, దాని దరిదాపుల్లో ఉండొద్దు. చెవులు విప్పి కదలకుండా నిలబడి మిమ్మల్నే చూస్తోందంటే అది మీకిచ్చే హెచ్చరిక. దగ్గరగా ఫొటో కావాలని డ్రైవర్ మీద ఒత్తిడి పెట్టేవాళ్లు ఆ జీపులో ఉన్న అందరి ప్రాణాలతో ఆడుకుంటున్నారు.

ఉడవలవేలోనే ఏనుగు పిల్లల తాత్కాలిక ఆశ్రమం ఉంది. శ్రీలంక వన్యప్రాణి శాఖ 1995లో మొదలుపెట్టింది. తల్లులు పోయిన, గాయపడిన పిల్లలను సాకి, పెద్దయ్యాక మళ్లీ అడవిలో వదులుతారు. పాలు పట్టే వేళల్లో జనాన్ని రానిస్తారు, దూరంగా గట్టు మీద నిలబడి చూడటమే. తాకడం, స్నానం చేయించడం, సవారీ లేవు. ఒక్కో పిల్లా వరసలో వస్తుంది, గరాటుకు తగిలించిన గొట్టం నోట్లో పెడతారు, గుటగుటా తాగి, ఇంకా కావాలని నిలబడిపోతే మెల్లగా తప్పిస్తారు. అరగంట పని. మనిషి అలవాటు పెరగకుండా చూసుకునే ఇలాంటి చోటుకే డబ్బు ఇవ్వాలి.

అక్కడికి దగ్గర్లోనే జలాశయం గట్టు మీది రోడ్డు ఉంది. కరెంటు కంచె అవతల ఏనుగులు నిలబడి తొండం చాపుతాయి, ఇవతల అరటిపళ్లు, చెరకు ముక్కలు అమ్ముతారు, టూరిస్టు బస్సులు ఆగుతాయి. కొనకండి, మీ బండి ఆపనివ్వకండి. పండుకు అలవాటుపడ్డ ఏనుగు మేత మానేసి రోజంతా అక్కడే కాపలా కాస్తుంది, పండు ఇవ్వని బండిని అడ్డగించడం నేర్చుకుంటుంది. బుత్తల నుంచి కతరగామ వెళ్లే రోడ్డు మీద అలా బండ్లు ఆపి కిటికీలో తొండం పెట్టే ఏనుగులు ఉన్నాయి. ఆ దారిలో వెళ్లాల్సి వస్తే పగటిపూటే వెళ్లండి, అద్దాలు ఎత్తి ఉంచండి, తినే వస్తువులు సీట్ల మీద కాకుండా డిక్కీలో పెట్టండి.